బాట ఎవరిది? ఒక కాలిదారి చరిత్ర

1

రాజమార్గాలకు చరిత్ర వున్నది. ఏ రాజు ఏ రహదారి వేయించాడో, ఎక్కడ చెట్లు నాటించి సత్రాలు కట్టించాడో మన పిల్లలు పాఠాల్లో వల్లె వేస్తారు. కాలిబాటకు మాత్రం చరిత్ర లేదనుకుంటాము. దానికి శాసనం లేదు, శంకుస్థాపన లేదు. జనం నడవగా నడవగా గడ్డి అణగి, మట్టి గట్టిపడి, దానంతటదే ఏర్పడిందంటాము. ఈ ‘దానంతటదే’ అన్న మాట చాలా విషయాలను కప్పిపెడుతున్నది. కొన్ని తరాల మనుషులకు ఒక చోటినుంచి మరొక చోటికి పోక తప్పని అవసరం వుంటేనే బాట పడుతుంది. ఆ అవసరం ఏమిటి? ఆ కాళ్లు ఎవరివి? ఆ బాటను ఎవరు మూశారు, ఎవరు తిరిగి తెరిపించారు? ఈ ప్రశ్నలు వేసినప్పుడు కాలిబాట చరిత్ర బయటపడుతుంది.

నాకు ఈ ఆలోచన ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ చదువుతున్నప్పుడు కలిగింది. 1830 మే నెలలో మద్రాసునుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆ యాత్రికుడు దారిలోని ఊళ్లను, నదులను, మజిలీలను ఎంతో శ్రద్ధగా రాసిపెట్టాడు. తెలుగు వచనానికి అది గొప్ప సంపద. అయితే ఆయన పల్లకీలో వెళ్లాడు. ఆ దూరాన్ని కాళ్లతో కొలిచినవారు బోయీలు. ఆ బోయీలు చెప్పుకున్న యాత్రాచరిత్ర మనకు లేదు. యాత్రాసాహిత్యం చాలాకాలం మోయించుకున్నవారిదే గాని, మోసినవారిది కాదు.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఇంగ్లండు ఈశాన్య భాగంలోని క్లీవ్‌లాండ్ వే అనే కాలిదారిని. దాని పొడవు 109 మైళ్లు, అనగా సుమారు 175 కిలోమీటర్లు. హెల్మ్‌స్లీ అనే చిన్న పట్టణంలో మొదలై, ఎత్తైన బీడునేలల అంచునే గుర్రపునాడా ఆకారంలో చుట్టివచ్చి, సాల్ట్‌బర్న్ దగ్గర సముద్రాన్ని చేరి, అక్కడినుంచి కొండగట్లమీదుగా తీరం వెంబడే ఫైలీ వరకు పోతుంది. ఒక వేసవి సెలవుల్లో నేను దీనిని పది రోజులలో నడిచాను. ఆ నడకలోని కష్టసుఖాలు ఇక్కడ అప్రస్తుతం. దారి పొడుగునా కనిపించిన రాళ్లు, గోతులు, శిథిలాలు నాకు కొన్ని ప్రశ్నలు వేశాయి. వాటికి జవాబులు వెతుక్కుంటూ తరువాత చదివిన చరిత్రే ఈ వ్యాసానికి ఆధారం.

పరాయి దేశపు బాట మనకెందుకని పాఠకులు అడగవచ్చు. నడిచేవానికీ, నేల సొంతదారుకూ మధ్య జరిగిన వైరం ఆ దేశంలో చట్టాలలోను, కోర్టు తీర్పులలోను నమోదై వున్నది. మన పల్లెల్లో అదే వైరం నమోదు కాకుండానే ముగిసిపోతున్నది. అక్కడి చరిత్ర చదివితే ఇక్కడ మనం ఏమి పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

2

హెల్మ్‌స్లీ దాటిన కొద్ది సేపటికే, దారికి కాస్త పక్కగా లోయలో రీవో మఠం శిథిలాలు వున్నాయి. 1132లో సిస్టర్షియన్ సన్యాసులు స్థాపించిన మఠమిది. ఆ ఎత్తైన తోరణాలను చూసి యాత్రికులు భక్తిభావంలో మునుగుతారు. కాని ఈ మఠం బతికింది గొర్రెల ఉన్నిమీద. 12వ శతాబ్ది మధ్యకాలంలో ఇక్కడ సన్యాసులు సుమారు 140 మంది అయితే, వారికోసం పొలాల్లో, గొర్రెల దొడ్లలో పనిచేసిన సేవక సోదరులు సుమారు 500 మంది. చదువూ ప్రార్థనా మొదటివారివి, చాకిరీ రెండవవారిది. ప్రార్థనామందిరంలోకూడా వారు కూర్చునే చోట్లు వేరు. 1538లో ఎనిమిదవ హెన్రీ ఈ మఠాన్ని మూయించి, ఆస్తిని ఒక ప్రభువుకు ధారాదత్తం చేశాడు. దేవుడి భూమి దొర భూమి అయింది. దున్నేవాడి స్థితిలో ఏ మార్పూ రాలేదు.

అక్కడినుంచి దారి హాంబిల్టన్ కొండల నెత్తిమీదికి ఎక్కుతుంది. ఇక్కడ బాట ఎంతో వెడల్పు. కాలిదారికి ఇంత వెడల్పు ఎందుకు? ఒకప్పుడిది పశువుల బాట. స్కాట్లండునుంచి దక్షిణాది సంతలకు వందలాది పశువుల మందలను ఈ కొండలమీదుగా తోలుకుపోయేవారు. కింద మైదానంలో సుంకపు రోడ్లు వున్నాయి. వాటిమీద పోతే తలకింత చొప్పున సుంకం కట్టాలి. కాబట్టి మందలవారు గాలికీ వానకూ ఓర్చి కొండ దారినే పట్టేవారు. దూరప్రయాణంలో గిట్టలు అరిగిపోకుండా మన ఎడ్లకు వలెనే ఆ పశువులకు నాడాలు కొట్టించేవారు. 19వ శతాబ్ది మధ్యలో రైలు వచ్చింది, పశువులు రైలెక్కాయి, తోలేవాళ్ల పని పోయింది. ఆ వెడల్పుమాత్రం నేలమీద అలాగే వున్నది.

ఆ తరువాత వచ్చేవి మూర్లు, అనగా హీథర్ పొదలు కప్పిన విశాలమైన బీళ్లు. ఆగస్టులో కొండలన్నీ ఊదారంగు పూలతో నిండిపోతాయి. ఈ అందం ప్రకృతి ఒక్కదాని పనే కాదు. గ్రౌస్ అనే అడవికోడి జాతి పక్షి లేత హీథర్ తిని బతుకుతుంది. ఆ పక్షులు వేటకు పుష్కలంగా దొరకాలని పొదలను చాళ్లు చాళ్లుగా తగలబెట్టి, మళ్లీ లేతగా చిగురింపజేస్తారు. ఏటా ఆగస్టు 12న వేట మొదలవుతుంది. ఈ పూలలో చాలాభాగం వేట సరదాకోసం పెంచినవి.

ఒకప్పుడు ఇటువంటి బీళ్లమీద చుట్టుపట్ల ఊళ్లవారికి హక్కులుండేవి. గొర్రెలు మేపుకోవటం, వంటచెరకుకు పీటుగడ్డలు తవ్వుకోవటం, కసవు కోసుకోవటం ఆ హక్కులు. 1604కూ 1914కూ మధ్య బ్రిటిష్ పార్లమెంటు 5,200కు పైగా కంచెల చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాలను ఉమ్మడి వాడకంనుంచి తప్పించి సొంత ఆస్తిగా మార్చింది. ఆ పార్లమెంటులో కూర్చున్నవారే భూస్వాములు. దొంగతనం చట్టం రూపంలో జరిగింది కాబట్టి, తాతలనాటి బాటలో నడిచినవాడే దొంగ అయినాడు. బాటల వెంట వేటకాపరులు నిలబడ్డారు.

ఈ బీళ్ల నడుమ బ్లోవర్త్ అనే చోట దారి ఒక పాత రైలుకట్టమీదుగా పోతుంది. మనిషి అలికిడి లేని ఆ ఎత్తులో రైలేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. రోజ్‌డేల్ గనులనుంచి ఇనుప ఖనిజాన్ని దించటానికి 1861లో ఈ రైలు వేశారు. 1929 దాకా నడిచింది. ఆ ఖనిజం పోయినది ఉత్తరాన టీస్ నది ఒడ్డున వున్న కొలుములకు. 1801లో పాతికమంది జనం వున్న మిడిల్స్‌బరో అనే పల్లె, ఒక శతాబ్దంలో తొంభై వేలకు పైగా జనం వున్న ఉక్కునగరంగా మారింది. పొగలో, వేడిలో వారమంతా మగ్గిన ఆ కార్మికులకు ఆదివారంనాడు కనుచూపు మేరలో కనిపించేవి ఈ కొండలే. వాటిలో చాలాభాగం వారికి నిషిద్ధం. కాలిదారికోసం జరిగిన పోరాటానికి పునాది ఇక్కడున్నది.

3

సాల్ట్‌బర్న్ దగ్గర దారి సముద్రాన్ని కలుస్తుంది. ఇక ఒక చేతికి పొలాలు, రెండవ చేతికి నిలువుగా తెగిన కొండగట్టు, కింద సముద్రం. స్కినింగ్రోవ్ దగ్గర 1848లో ఇనుప గని తెరిచారు. క్లీవ్‌లాండ్ ప్రాంతంలో చివరి ఇనుప గని 1964లో మూతపడింది. తీరం వెంబడి వెనుదిరిగి చూస్తే ఒకప్పుడు అల్లంత దూరాన కనిపించిన రెడ్‌కార్ ఉక్కు కార్ఖానాకూడా 2015లో మూతపడి, రెండు వేలకు పైగా కార్మికుల జీవనం పోయింది. గనులున్నచోట మ్యూజియములు వెలిశాయి. శ్రమ జరిగినన్నాళ్లు దానిని చూడటానికి ఎవరూ రాలేదు. అది ఆగిపోయినాక టిక్కెట్టు కొని చూస్తున్నారు.

బౌల్బీ దాటినతరువాత కొండగట్టు ఆకారం వింతగా వుంటుంది. ఎవరో గరిటెతో తీసినట్లు పెద్ద పెద్ద భాగాలు లేచిపోయి, గడ్డి మొలవని ఎర్రని గుట్టలు మిగిలాయి. సముద్రపు కోతేమోనని మొదట అనుకున్నాను. ఇది మనుషులు చేసిన పని. 17వ శతాబ్ది మొదటినుంచి 1871 వరకు ఈ తీరంలో పటిక తయారయ్యేది. పొరల రాతిని పలుగులతో తవ్వి, గుట్టలుగా పేర్చి, నెలల తరబడి కాల్చి, ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని కాచేవారు. దానికి క్షారం కలపాలి. ఆ క్షారానికి సముద్రపు నాచు బూడిద వాడేవారు. మనుషుల మూత్రంకూడా వాడేవారు. లండనునుంచి, న్యూకాసిల్‌నుంచి పీపాలలో మూత్రం ఓడలమీద వచ్చేది. పదుల టన్నుల రాయి తవ్వితే ఒక టన్ను పటిక దక్కేది. కెటిల్‌నెస్ అనే చోట 1829 డిసెంబరులో గట్టు విరిగి ఊరుకు ఊరే సముద్రంలోకి జారిపోయింది. దగ్గరలో లంగరు వేసి వున్న పటిక ఓడ జనాన్ని ఎక్కించుకొని కాపాడింది.

ఈ పటిక ఎందుకు? గుడ్డకు రంగు పట్టటానికి. ఈ మాట మచిలీపట్నం ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. కరక్కాయ నీటిలో తడిపి, పటికతో అద్ది, చిరివేరు రంగులో ఉడికించి మన అద్దకంవారు తీసిన ఎరుపుకు 17వ శతాబ్దిలో యూరపు అంతా మోజుపడింది. ఆ పోటీకి తట్టుకోలేక ఇంగ్లండు ఉన్ని వ్యాపారులు గగ్గోలు పెట్టగా, 1700లో అద్దకపు గుడ్డల దిగుమతిని తమ వాడకానికి నిషేధిస్తూ ఒక చట్టం, 1721లో నూలు అద్దకాలను ధరించటమే నేరమంటూ మరొక చట్టం చేశారు. ఆ రెండవ నిషేధాన్ని 1774లో ఎత్తివేశారు. అప్పటికి వారి సొంత నూలుమిల్లుల యుగం మొదలవుతున్నది. స్వేచ్ఛావాణిజ్యమనే సిద్ధాంతం ఆ తరువాతనే వారికి గుర్తుకు వచ్చింది. క్లీవ్‌లాండ్ తీరంలోని ఆ ఎర్రగుట్టల దగ్గర నిలబడినప్పుడు, మన కృష్ణా తీరపు అద్దకంవాని బతుకుకూ ఈ రాయి కొట్టినవాని బతుకుకూ సంబంధం వున్నదని నాకు తట్టింది. ఇద్దరి సరుకూ ఒకే వ్యాపారపు లెక్కలలో చేరింది. ఇద్దరి పేరూ ఆ లెక్కలలో లేదు.

తరువాతి పెద్ద ఊరు విట్బీ. సాహిత్యం చెప్పుకునే నాబోటివారు ఇక్కడ ఆగవలసిందే. 657లో హిల్డా అనే స్త్రీ ఇక్కడ మఠం స్థాపించింది. ఆ మఠంలో పశువులు కాసే కాడ్మన్ అనేవాడే పేరు తెలిసిన మొట్టమొదటి ఇంగ్లీషు కవి. బీడ్ అనే సన్యాసి 731లో పూర్తిచేసిన చరిత్రగ్రంథంలో అతని కథ వున్నది. విందులో ఒకరి తరువాత ఒకరు వీణవంటి వాద్యం అందుకొని పాడాలి. తనవంతు వచ్చేసరికి పాట రాని కాడ్మన్ లేచి పశువుల పాకకు పోయేవాడు. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి సృష్టిని గురించి పాడమన్నారు, అతడు పాడాడు. దీనిని దైవకృప అన్నాడు బీడ్. ఆ కథలో నన్ను ఆకర్షించినది ఆ తరువాతి ఘట్టం. అతడి పాట సంగతి తెలిసిన పెద్దలు అతడిని మఠంలో చేర్చుకొని, గ్రంథాలలోని విషయాలు వినిపించి, వాటిని పాటలు కట్టమన్నారు. ఆనాటినుంచి అతడు పాడినవన్నీ మత విషయాలే. పశువుల కాపరికి పాట పుట్టింది పాకలో. దానిలో ఏముండాలో నిర్ణయించింది మఠం. ఒక ప్రజాకళ పాలకుల చేతిలో ఎలా మలచబడుతుందో ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం నేను చూడలేదు.

విట్బీ దాటితే రాబిన్ హుడ్స్ బే. దొంగసరుకు రవాణాకు 18వ శతాబ్దిలో పేరుమోసిన పల్లె. తేయాకుమీద పన్ను సరుకు విలువను మించి వుండేది. 1784లో దానిని 119 శాతంనుంచి 12.5 శాతానికి తగ్గించారు. అంతవరకు రాత్రిపూట పడవల్లో దించిన తేయాకు, సారా, పొగాకు ఇళ్ల సందుల్లోనుంచే కొండపైకి పోయేవి. వాటిని పట్టుకోవటానికి ప్రభుత్వం పెట్టిన కాపలావాళ్లు గట్టు అంచునే గస్తీ తిరిగేవారు. 1822లో ఈ దళాలన్నీ కోస్ట్‌గార్డు అనే పేరిట ఒకటైనాయి. ఇంగ్లండు తీరపు బాటలు చాలాచోట్ల ఇలా గస్తీవాళ్ల బూట్లకింద గట్టిపడినవే.

గస్తీ బాటల కంటె పాత బాటలుకూడా వున్నాయి. వాటిని వేసినవారు చేపల పల్లెల ఆడవాళ్లు. గాలాలకు ఎర కావాలి. రాళ్లకు కరుచుకొని వుండే చిన్న నత్తలు అందుకు పనికివస్తాయి. దగ్గరి రాళ్లమీద అవి అయిపోతే, మైళ్లకొద్దీ నడిచి, నిలువు గట్లమీదనుంచి కొన్నిచోట్ల తాళ్లు పట్టుకొని దిగి, బుట్టలు నింపుకొని ఆటుపోటు మారేలోగా పైకెక్కేవారు. ఇంటికి వచ్చి వందలాది గాలాలకు ఎర గుచ్చేవారు. చేపలు పట్టినవాడిని గురించి పాటలున్నాయి. ఎర ఏరిన ఆడవాళ్లను గురించి అంతగా లేవు.

4

ఇంతవరకు చెప్పినది అవసరం కొద్దీ నడిచినవారి చరిత్ర. విశ్రాంతికోసం నడిచే హక్కు ఎలా వచ్చిందో ఇక చూడాలి. ఆ పోరాటం ముఖ్యంగా జరిగినది క్లీవ్‌లాండ్‌లో కాదు. దానికి నైరుతి దిక్కున, మాంచెస్టరు, షెఫీల్డు మిల్లు నగరాల నడుమనున్న కొండలలో.

1826లోనే మాంచెస్టరులో పాత కాలిబాటల రక్షణకు ఒక సంఘం పుట్టింది. 1884లో జేమ్స్ బ్రైస్ కొండలమీద ప్రజలకు ప్రవేశం కల్పించాలని పార్లమెంటులో బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. 1896లో బోల్టన్ దగ్గర ఒక భూస్వామి వింటర్ హిల్ బాటకు గేటు పెట్టి మూయగా, వేలాది కార్మికులు ఊరేగింపుగా పోయి దానిని దాటారు. ఆ తరువాత 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ ఘటన జరిగింది. డెవన్‌షైర్ డ్యూకుకు చెందిన వేట బీడులోకి సుమారు 400 మంది యువకార్మికులు బహిరంగంగా, ముందే ప్రకటించి ప్రవేశించారు. నాయకుడు బెన్నీ రోత్‌మన్ ఇరవై ఏళ్ల కమ్యూనిస్టు యువకుడు. వేటకాపరులతో తోపులాట జరిగింది. ఆరుగురిని అరెస్టు చేశారు. డెర్బీ కోర్టులో జ్యూరీ నిండా సైనికాధికారులు, పల్లెటూరి భూస్వాములు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల వరకు జైలుశిక్షలు పడ్డాయి. పచ్చగడ్డిమీద నడిచిన నేరానికి అది శిక్ష.

ఇక్కడ ఒక చర్చ వున్నది, దానిని దాటవేయరాదు. ఆనాటి పాదచారుల సమాఖ్య పెద్దలు ఈ చర్యను ఖండించారు. ఓర్పుతో చేస్తున్న సంప్రదింపులు దీనివలన చెడతాయన్నారు. సుదూర కాలిదారుల ఉద్యమానికి ఆద్యుడైన టామ్ స్టీఫెన్‌సన్‌కూడా, చట్టం తెచ్చినది కిండర్ ఘటన కాదనే అభిప్రాయం కలవాడు. అతడు సామాన్యుడు కాడు. 1935 జూన్‌లో లేబర్ పత్రిక ‘డెయిలీ హెరాల్డ్’లో పెన్నైన్ కొండల పొడుగునా ఒక దారి కావాలని వ్యాసం రాసి, ముప్పై ఏళ్లు దానికోసం పాటుపడ్డాడు. అతడి మాటలో నిజం లేకపోలేదు. కిండర్ తరువాత ఏడేళ్లకు, 1939లో, వచ్చిన ప్రవేశ చట్టం భూస్వాముల చేతిలో పడి, కొన్ని సందర్భాలలో బీడులో నడవటాన్నే నేరంగా మార్చింది. మనవి పత్రాలవల్లనే పని జరిగేటట్లయితే 1884 బిల్లుకు అరవై అయిదేళ్లు పట్టనక్కరలేదు. సాహసమొక్కటే చాలేటట్లయితే 1939 చట్టం అలా వచ్చేది కాదు. యుద్ధం ముగిసి 1945లో లేబర్ ప్రభుత్వం ఏర్పడి, ప్రజలలో కొత్త ఆశలు లేచినప్పుడు ఈ రెండు కృషులూ ఒకచోట ఫలించాయి. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. దానికింద 1952లో నార్త్ యార్క్ మూర్స్ జాతీయ పార్కు ఏర్పడింది. 1965 ఏప్రిల్ 24న, కిండర్ ఘటన జరిగిన తేదీనాడే, 268 మైళ్ల పెన్నైన్ వే తెరిచారు. టీస్ తీరపు పాదచారులు 1930లనుంచి అడుగుతూ వచ్చిన క్లీవ్‌లాండ్ వే 1969 మే 24న రెండవదిగా తెరుచుకున్నది.

బీళ్లమీద బాట విడిచి స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం 2000 సంవత్సరపు చట్టం దాకా రాలేదు. అదికూడా ఇంగ్లండు నేలలో సుమారు 8 శాతానికే. 2002లో కిండర్ డెబ్బయ్యవ వార్షికోత్సవంనాడు ఆనాటి డ్యూకు మనుమడు వచ్చి తన తాత చేసినదానికి క్షమాపణ చెప్పాడు. క్షమాపణ మంచిదే. చట్టం రావటానికి కారణంమాత్రం అది కాదు.

పెన్నైన్ వే బురద నేలలో జనం కాళ్లకింద బాట కరిగిపోతుంటే, మూతపడిన నూలుమిల్లుల గచ్చులోని రాతిపలకలను తెచ్చి అక్కడ పరిచారు. ఏ మిల్లునుంచి తప్పించుకొని ఒక్క పూట గాలి పీల్చుకోవటానికి కార్మికులు ఈ కొండలకు వచ్చారో, ఆ మిల్లు నేల ఇప్పుడు కొండమీద వున్నది. కార్మికుల పాదాలు అరగదీసిన రాయి అది. దారి సూచించే పుస్తకాలలో మైళ్ల లెక్కలు, బసలు, కాఫీ హోటళ్లు వుంటాయి. ఈ చరిత్రకు వాటిలో ఒక్క పేరా దక్కితే గొప్ప. ఖరీదైన బూట్లు, వారంరోజుల తీరిక వున్నవారి వినోదంగా ఈ దారి మిగిలిపోతే, దానిని గెలిచినవారి మనుమలకే అది దూరమవుతుంది. ఆ ప్రమాదం ఇప్పటికే కనబడుతున్నది.

5

ఇంగ్లండు చట్టంలో ఒక సూత్రం వున్నది. ఒక బాటలో జనం ఇరవై ఏళ్లపాటు ఎవరి అనుమతీ అడగకుండా, దాపరికం లేకుండా, అడ్డు లేకుండా నడిస్తే, సొంతదారు ప్రజల బాటగా వదిలే ఉద్దేశం తనకు లేదని రుజువు చేయగలిగితే తప్ప, అది ప్రజల బాట అయినట్లే. 1932లో చట్టమైన ఈ సూత్రం 1980 చట్టంలోనూ నిలిచింది. నడక అనే పని హక్కును పుట్టిస్తుందని ఆస్తిని పూజించే చట్టమే ఒప్పుకొన్నది. 2009 తీరప్రవేశ చట్టం మరొక మెట్టు ఎక్కింది. సముద్రం గట్టును కోసుకుపోతే తీరపు బాట లోపలికి జరగవచ్చునని ఏర్పాటు చేసింది. నేల పోయినా హక్కు పోదన్నమాట. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

ఇక మన సంగతి. గుంటూరు సీమలో డొంక అంటారు, గోదావరి జిల్లాలలో పుంత అంటారు. పొలాలకు బండ్లు పోయే బాట, పశువులు బీటికి పోయే బాట, కూలీలు నాట్లకు పోయే బాట, శవం శ్మశానానికి పోయే బాట. రెవిన్యూ రికార్డులలో ఇవి పోరంబోకు, అనగా ఎవరి సొంతమూ కానివి, అందరివీ అయినవి. ఏటా గట్టు ఒక చాలు ముందుకు జరుగుతుంది, డొంక ఒక చాలు వెనక్కు తగ్గుతుంది. కొన్నాళ్లకు గ్రామపటంలో వున్న డొంక నేలమీద వుండదు. భూమి వున్నవాడికి పోయేది ఏమీ లేదు. అతని పొలానికి రోడ్డే వస్తుంది. భూమిలేనివాడు, శ్మశానానికి దారి లేని దళితవాడ, వలలు ఆరబెట్టుకునే తావుకు పోలేని బెస్తవాడు నష్టపోతారు. బాట లేకపోవటం అంటే వారికి నడక దూరం పెరగటం ఒక్కటే కాదు. ప్రతిరోజూ ఒకరి అనుమతి అడిగి బతకవలసి రావటం.

చరిత్ర బోధించేవారు, సాహిత్యం బోధించేవారు ఇందులో చేయగల పని వున్నది. ఒక ఊరి గ్రామపటం తీసుకొని, విద్యార్థులతో కలసి, దానిలోని ప్రతి డొంకనూ కాళ్లతో వెతకాలి. ఏది వున్నది, ఏది పోయింది, ఎప్పుడు పోయింది, అంతకుముందు దానిలో ఎవరు నడిచారు అని ముసలివారిని అడిగి రాసిపెట్టాలి. మీ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ నడవని బాట ఏదో, దాని పక్క పొలం ఎవరిదో కనుక్కోండి. ఆ ఊరి చరిత్ర అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.